నా వీపు మీద ఖాయమైన పేరు

మీకు పేరు పెట్టేటప్పుడు మీ అమ్మను ఎవరైనా ఒక్క మాట అడిగారా? తొందరపడి అవుననకండి. ముందు కనుక్కోండి. నేను కనుక్కున్నాను, మా అమ్మను ఎవరూ అడగలేదు. బీదర్ గంజ్‌లో మా కిరాణా దుకాణం పక్క దుకాణం వాళ్ళు తమ పిల్లకు పెట్టిన పేరు బాగుందని మా నాన్న నాకూ అదే పెట్టించాడు. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే నా వయసు మీరు వేళ్ళ మీద లెక్కపెట్టేస్తారు.

హైస్కూల్లో నా క్లాసులో ఆ పేరుగల ఆడపిల్లలం నలుగురం. టీచరమ్మ పిలిస్తే నలుగురం లేచి నిలబడేవాళ్ళం. రెండు వారాలు ఓర్చుకుని ఆమె మా పేర్లు తీసేసింది. హాస్టల్లో ఉండే ఇద్దరూ తమ ఊళ్ళ పేర్లతో నిర్ణా, చించోళి అయ్యారు. రోజూ బస్సులో వచ్చే పిల్ల కమఠాణ అయింది. నాది బీదరే కాబట్టి ఊరి పేరు కుదరక నేను కిరాణం అయ్యాను. ఇప్పటికీ ఆ టీచరమ్మ బజార్లో ఎదురైతే నన్ను కిరాణం అనే పిలుస్తుంది.

అందుకే మొన్న మా తమ్ముడికి కూతురు పుట్టినప్పుడు నాకు పట్టుకున్న దిగులు ఒకటే. ఈ పిల్లను ఏ గుంపులోకి తోస్తారో.

వారం తిరగకుండానే తమ్ముడు ఫోను పట్టుకుని వచ్చాడు.

"అక్కా, ఇగో, అనైరా. ఈ ఏడు అన్నిటికన్నా పైన ఉన్న పేరట."

"అర్థమేంది?"

"సంతోషం అంట."

"ఏ భాషల సంతోషం రా?"

వాడు తెర పైకీ కిందికీ జరిపి చూశాడు. "భాష రాయలె. మాడ్రన్ అని రాసిండ్రు."

"మన గల్లీల ఒక అనైరా ఉండనే ఉంది గదా, పిండిగిర్ని పక్క ఇంట్ల."

"గందుకే చెప్తున్న. మంచి పేరు గాకుంటే వాళ్ళెందుకు పెడ్తరు?"

మా నాన్న తర్కమే, పొల్లుపోకుండా వాడికి అందింది. దుకాణం మాత్రం అందలేదు, అది ఎప్పుడో మూసేశాం.

నేను ఒక బడిలో గుమాస్తాను. అడ్మిషన్ల రిజిస్టరు నా చేతిలోనే ఉంటుంది. తాత పేరు మల్లప్ప, తండ్రి పేరు సంతోష్, పిల్లవాడి పేరు రేయాంశ్. ఈ మూడూ ఒకే వరసలో రాస్తుంటే ముగ్గురు మనుషులు కాదు, మూడు కాలాలు బెంచీ మీద కూర్చున్నట్టుంటుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు గానీ, కన్నడం గానీ, మరాఠీ గానీ, పిల్లల పేర్లు మాత్రం అందరికీ ఒకే ఫోన్లోంచి దిగుతున్నాయి. ఈ రేయాంశ్‌లు, విహాన్‌లు, ఆద్యలు అందరూ ఒకేసారి ముసలివాళ్ళవుతారు. అప్పుడు విహాన్ తాత పళ్ళసెట్టు ఎక్కడో పెట్టి మర్చిపోతే, ఆ పేరు విని మనవలు నవ్వుతారు, మల్లప్ప అనగానే మనం ముసిముసిగా నవ్వుకున్నట్టే.

అలాగని పాత పేర్లు పోయాయని ఏడ్చే బాపతు కాదు నేను. మా గల్లీలో నా చిన్నప్పుడు ఇద్దరు పెంటయ్యలు ఉండేవారు. ముందు పుట్టిన పిల్లలు చనిపోతే, తరువాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద దొర్లించి, చావు కూడా ముట్టుకోదని ఆ పేరు పెట్టేవారు. ఇప్పుడు నా రిజిస్టరులో ఒక్క పెంటయ్య లేడు. దొర్లించడం వల్ల కాదు, టీకాల వల్ల. మా పక్కింటి కన్నడం అవ్వ పేరు సాకమ్మ. ఇక చాలు అని అర్థం. నాలుగో ఆడపిల్ల. అటువంటి పేర్లు పోతే పోనివ్వండి, నేను వెనక నుంచి తలుపు కూడా వేస్తాను.

అసలు కథ అక్షరంతో మొదలైంది. అమ్మ సిద్ధాంతికి ఫోన్ చేయించింది. పిల్ల నక్షత్ర పాదం మారే అంచున పుట్టింది, పది నిమిషాలు ముందైతే 'లో' రావాలి, తరువాతైతే 'అ' రావాలి, సరైన సమయం కావాలి అన్నాడాయన. ఆసుపత్రి కాగితం మీది సమయం విని 'అ' అని తేల్చాడు. తమ్ముడి అనైరాకు దారి తెరుచుకుంది.

ఆ సమయం రాసిన నర్సమ్మ మొహం నాకు తెలుసు. పిల్లను చూపించడానికి వెళ్ళినప్పుడు, పుట్టగానే రాస్తారా అని ఊరికే అడిగాను.

"పుట్టంగనే గడియారం చూస్తనా, పిల్ల ఏడ్చిందా లేదా చూస్తనా?" అందామె. "అన్నీ అయినంక, చేతులు కడుక్కొని, అప్పుడు చూసి రాస్త. పావుగంట అటో ఇటో."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. పెద్దలు చెప్పిందానికి అడ్డం రాకు అంది.

మా మరదలికి తల్లి లేదు. అందుకే కాన్పు మా ఇంట్లోనే. పేరు గురించి ఇంటిల్లిపాదీ వాదిస్తుంటే ఆ పిల్ల పాలిస్తూ గోడవైపు తిరిగి వినేది. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని అడిగాను.

"నీకేం పేరు ఇష్టం?"

"ఇన్ని దినాలల్ల ఎవరూ అడగలె వదినె."

"నేను అడుగుతున్న గదా. చెప్పు."

"నవ్వొద్దు మరి. సరోజ."

"ఎవరి పేరది?"

"ఆ నర్సమ్మది. బిడ్డ అడ్డం తిరిగింది, రెండు గంటలు నా పక్కకెళ్ళి కదల్లె ఆమె. నీళ్ళు గూడ తాగలె. పేరేందో అడిగి యాది పెట్టుకున్న."

నేను నవ్వలేదు. "మరి నీ మొగనికి చెప్పినవా?"

"చెప్తే పాత పేరన్నడు. నర్సు పేరా అన్నది అత్తమ్మ. ఇగ నోరు మూసుకున్న."

మా ఇళ్ళలో తొట్టెల రోజు, అంటే పిల్లను ఉయ్యాలలో వేసేనాడు, పేరు చెప్పే హక్కు మేనత్తది. ఇక్కడి మరాఠీ ఇళ్ళ నుంచి మాకు అంటిన అలవాటు ఇంకొకటుంది. మేనత్త ఉయ్యాలలోకి వంగి, పిల్ల చెవిలో కుర్ర్ అని పేరు చెప్పగానే, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమె వీపు మీద గుద్దుతారు. గుద్దులు పడితే పేరు ఖాయం. ఇరవై ఒకటో రోజు పొద్దున అమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"జర హుషారుగ, చూసుకొని చెప్పు. నీ నోట ఏదొస్తే అదే పేరు. చెవుల పడ్డది వాపస్ తీస్తే బిడ్డకు మంచిది గాదు."

ఆ మాట అమ్మ నోటి నుంచే వచ్చింది. నేను అడగలేదు.

మరదలి వైపు చూశాను. సరే అన్నట్టు కళ్ళు మూసి తెరిచింది. వంగాను. కుర్ర్ అన్నాను. సరోజ అన్నాను. పక్కింటి మరాఠీ వదినమ్మ మొదటి గుద్దు గుద్దింది. వెనక నుంచి ఇంకో ఐదారు. ఒకామె చేతికి గట్టి గాజులున్నాయి, రెండు రోజులు నొప్పి తగ్గలేదు.

"గట్టిగ చెప్పు, అందరం వింటం," అంది అమ్మ నవ్వుతూ.

గట్టిగా చెప్పాను. నవ్వు ఆగింది.

"అక్కా, గా పేరు లిస్టుల లేదు గదా," అన్నాడు తమ్ముడు.

"లేకుంటేనే మంచిది. క్లాసుల ఒక్కతే ఉంటది."

"ముసలోళ్ళ పేరు," అంది అమ్మ.

"ముసలోళ్ళు గూడ ఒకప్పుడు ఉయ్యాలల్నే ఉండిరి గదా అమ్మా."

"మార్చుదాం, ఇంకోసారి చెప్పు," అన్నాడు వాడు. అమ్మ వాడి వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చెవిలో పడ్డది వాపస్ తీయడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. అప్పుడు మరదలు మొదటిసారి అందరి ముందు నోరు తెరిచింది. "నేనే అడిగిన. ఉండనియ్యుండ్రి," అంది. అంతే.

సెలవు దొరికితే సభలకెక్కి మూఢనమ్మకాలను చీల్చి చెండాడే నేను ఆ రోజు ఒకదాని చాటున నక్కి పని కానిచ్చాను. సంజాయిషీ ఏమీ లేదు. తిట్టేవాళ్ళు తిట్టుకోవచ్చు, వీపు మీద ఇప్పటికే పడ్డాయి.

పిల్ల పేరు రాసివ్వాల్సిన జనన ధ్రువపత్రం కాగితం నెల రోజులు తమ్ముడి బీరువాలో పడుంది. చివరికి మరదలే దాన్ని తీసి, పెన్ను మూత తీసి, వాడి అన్నం కంచం పక్కన పెట్టింది. వాడు సరోజ అనే రాశాడు.

మిఠాయి డబ్బా తీసుకుని నర్సమ్మ దగ్గరికి వెళ్ళాం. పేరు వినగానే ఆమె మొహం అదోలా పెట్టింది.

"అయ్యో, నా పేరెందుకమ్మా? మా బడిల ముగ్గురుంటిమి. నన్ను మూడో సరోజ అనేటోళ్ళు."

మరదలూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నా వాదం సగం అక్కడే కూలిపోయింది. ప్రతి పేరూ ఒక గుంపే, నాది, అనైరాది, సరోజది. తప్పించుకునే దారి లేదు. కానీ ఈ పిల్ల రేపు నా పేరు ఎవరు పెట్టారని అడిగితే వాళ్ళమ్మ గోడవైపు తిరగక్కర్లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా నెలలు నిండుతున్నాయా? పిల్ల పుట్టి ఉయ్యాల కట్టే దాకా ఆగకండి. సిద్ధాంతి ఫోన్ పెట్టేయండి, ఆ లిస్టు మూసేయండి, వెళ్ళి ఆమె పక్కన కూర్చుని ఏ పేరు ఇష్టమో అడగండి. అడిగి, ఆమె చెప్పేదాకా అక్కడి నుంచి లేవకండి.