పిల్లిమీసం ఆడుతున్నాడా?

టీ గంట మోగగానే హాల్లో కుర్చీలన్నీ వెనక్కి జరిగేవి. పెద్దక్క కుర్చీ ఒక్కటే ముందుకు జరిగేది. నల్లటి తెర మీద మిణుకుమనే గీత దగ్గర "ఆరా" అని కొట్టి, పక్కన "పిల్లిమీసం" అని చేర్చి, ఊపిరి బిగబట్టి ఎంటర్ నొక్కేది.

తెర కాస్త తటపటాయించి తెల్లక్షరాల్లో నాలుగు ముక్కలు రాల్చేది. పొద్దున ఆడాడు. డాలు పట్టాడు. జట్టు ఓడింది. చివరిదాకా ఉన్నాడు.

"ఉన్నాడు," అనుకునేది పెద్దక్క. అప్పుడు గాని టీకి లేచేది కాదు.

ఆ హాలు టైర్ల దుకాణం పైన. లోకమంతా ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఆడుకునే ఒక యుద్ధపు ఆటకి అక్కడి వాళ్ళు కాపలాదార్లు. ఎవడో ఓడిపోయి ఉక్రోషం పట్టలేక "ఫలానావాడు మోసం చేశాడు" అని ఫిర్యాదు పెడతాడు. ఆ ఫిర్యాదు నంబరు పట్టుకుని వీళ్ళు 'ఆరా' అనే పనిముట్టుని అడగాలి. దానికి బొమ్మల్లేవు, మీటల్లేవు. మాట కొడితే మాట చెబుతుంది. ఫలానావాడు ఎప్పుడు ఆడాడు, ఎవరితో ఆడాడు, ఏం పట్టుకుని ఆడాడు, గెలిచాడా ఓడాడా, అన్నీ కక్కేస్తుంది. అది చూసి వాడు దొంగో దొరో వీళ్ళు తేల్చాలి. తేల్చింది తప్పైతే జీతంలో కోత. మంచినీళ్ళకి లేచి పని ఆగితే తెర మూల ఎర్రచుక్క. వెలుతురు పడకూడదని కిటికీ అద్దాలకి లోపల్నుంచి నల్లరంగు పూశారు కాబట్టి, బయట వానో ఎండో తెలియాలన్నా పొద్దుగూకి మెట్లు దిగాల్సిందే. ఆడేవాళ్ళకి అది ఆట. వీళ్ళకి కూడు. ఒకరి సరదాకి ఇంకొకరి నడుము ఎంత వంగాలో ఆ ఆటలో ఎక్కడా రాసి ఉండదు.

ఆ వరసలో అందరికంటే వయసులో పెద్దది కాబట్టి హాలు మొత్తం ఆమెని పెద్దక్క అనేది. నిజంగా అక్కా అని పిలవాల్సినవాడు ఒక్కడే, వాడే పిల్లిమీసం.

మూతి మీద నాలుగు వెంట్రుకలు మొలిచిన రోజుల్లో వాడు అద్దం వదిలేవాడు కాదు. "ఈ పిల్లిమీసాలకి ఇంత సోకేమిట్రా" అని అక్క ఏడిపించింది. వాడు తగ్గలేదు. "నువ్వు పెద్దపులివి. వీధి చివరిదాకా నీ గాండ్రింపే," అన్నాడు. ఆటలో చేరినప్పుడు ఆ వెక్కిరింతనే పేరుగా పెట్టుకున్నాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది అక్కే. చదువయ్యాక ఇదే హాల్లో, తన పక్క కుర్చీలోనే పని పెట్టించిందీ అక్కే.

ఆ ఆటలో అయిదుగురిదొక జట్టు. కత్తి పట్టినవాడికి పేరొస్తుంది, బాణం వేసేవాడికి చప్పట్లొస్తాయి, డాలు పట్టినవాడికి దెబ్బలొస్తాయి. తమ్ముడెప్పుడూ డాలే పట్టేవాడు.

"ఇంకేం దొరకలేదట్రా నీకు?" అంటే, "ముందెవడో ఒకడు నిలబడాలి కదక్కా," అని తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అనేవాడు.

అదే బుద్ధి హాల్లోనూ చూపించాడు. ఒక వారం సమావేశంలో అందరూ గోడవారగా నిలబడి సూపర్‌వైజరు చెప్పేదానికి తలలూపుతుంటే వీడు గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఆరాలో పేరు కొట్టాక ఫిర్యాదు నంబరు అడుగుతుంది. నంబరు లేకపోతే సున్నా కొట్టమన్నారు. ఆ సున్నా ఎక్కడికి పోతుంది? దాంతో ఏం చేస్తారు?"

"నువ్వు కొట్టవయ్యా. అదెక్కడికి పోవాలో అది చూసుకుంటుంది."

నవ్వులు. తమ్ముడు నవ్వలేదు. "మన వేలు ఎవరి కంట్లో పొడుచుకుంటోందో మనకి తెలియొద్దా సార్? తెలుసుకోవాలని ఇంకెవరికైనా ఉంటే చెయ్యెత్తండి," అన్నాడు హాలు వైపు తిరిగి.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. పెద్దక్క తన చేతిని చూసుకుంది. ఇద్దరం ఒక్కసారే రోడ్డున పడితే ఎట్లా అనుకుందో, ముందు వేరేవాళ్ళు ఎత్తనీ అనుకుందో, ఆ చెయ్యి తొడ మీంచి లేవలేదు.

మర్నాడు వాణ్ణి పనిలోంచి తీసేశారు, పక్క కుర్చీలో కొత్త పిల్ల కూర్చుంది. ఇంట్లో తమ్ముడు సంచి సర్దుకున్నాడు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "ఇంకెవరూ ఎత్తరని తెలుసక్కా. నువ్వు ఎత్తుతావనుకున్నా," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఆ తర్వాత వాడి ఫోను మోగలేదు. కొన్నాళ్ళకి తెలిసిన లారీ డ్రైవరొకడు కబురు తెచ్చాడు: వేరే ఊళ్ళో గోదాములో పనట, బాగానే ఉన్నాడట, వెతకొద్దన్నాడట.

వెతకొద్దన్నాడు సరే, చూడొద్దని అనలేదుగా! తనకి తనే తీర్పు చెప్పుకుంది పెద్దక్క. వాడి మీద ఫిర్యాదేమీ లేదు కాబట్టి ఆరా నంబరు అడిగినప్పుడల్లా సున్నా కొట్టేది.

ఆ నాలుగు ముక్కల్లోంచే తమ్ముడి బతుకంతా అల్లుకునేది. పొద్దున్నే ఆడితే సాయంత్రం డ్యూటీ పడిందన్నమాట. వరసగా ఓడితే వాడి మనసు బాగోలేదు. రోజుల తరబడి ఆడకపోతే ఇక ఈమెకి ముద్ద దిగదు. జ్వరమేమో, చెయ్యి విరగ్గొట్టుకున్నాడేమో. ఒకసారి ఒకే జట్టు వాళ్ళతో మళ్ళీ మళ్ళీ ఆడినట్టు కనపడితే, పండగొచ్చినంత సంబరపడిపోయింది.

"వాడికి స్నేహితులు దొరికారే!" అంది పక్క కుర్చీ పిల్లతో. ఆ పిల్ల నోరు మూతపడగా ఎవరూ చూడలేదు కాబట్టి హాల్లో దాన్ని రేడియో అంటారు.

"నీ తమ్ముడు గెలిస్తే నాకు బిస్కెట్లు, ఓడితే నీ ఏడుపుముఖం," అంది రేడియో. "దేవుడా, వాణ్ణి గెలిపించు, నాకు ఆకలేస్తోంది."

"పోవే."

"ఇంతకీ గుమ్మంలో నిలబడితే ఏమంటావు వాణ్ణి?"

పెద్దక్క టీ గ్లాసు కింద పెట్టింది. "అన్నం తిన్నావా అంటాను. ఇంకేం అనగలను?" అంది.

ఒక మధ్యాహ్నం ఎప్పట్లాగే పేరు కొట్టింది. తెర తటపటాయించలేదు. ఒక్కటే వరస వచ్చింది: ఆపివేత. అనుమానాస్పదం. మోసగాళ్ళ పట్టికలో చేర్చడమైనది.

టీకి లేవలేదు. అందరూ తిరిగొచ్చేదాకా ఆ వరసనే చూస్తూ కూర్చుని, లేచి సూపర్‌వైజరు బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఇతన్ని ఎవరాపారు?"

ఆయన పేరు కొట్టి చూశాడు. "ఎవరూ ఆపలేదమ్మా, దానంతటదే ఆగింది. ఇతని మీద సున్నాలు బాగా పడ్డాయి."

"పడితే?"

"సున్నా అంటే ఫిర్యాదు లేకపోయినా మనవాళ్ళకే అనుమానం తగిలిందని అర్థం. కొట్టినప్పుడల్లా ఒక చుక్క. కుండ నిండితే ఒలకదూ? అట్లా ఖాతా ఆగిపోతుంది." తెర కిందికి జరిపాడు. జరిపినకొద్దీ ఆయన ముఖం మారింది. "అరె, అన్నీ ఒక్క కుర్చీ నుంచే..."

"నాదే సార్ ఆ కుర్చీ."

ఆయన కళ్ళజోడు తీశాడు.

"సున్నా కొడితే ఇట్లా అవుతుందని మాకెవరూ చెప్పలేదు," అంది పెద్దక్క.

"మీరెవరూ అడగలేదుగా అమ్మా."

"ఒకడు అడిగాడు సార్."

ఆయనకి గుర్తొచ్చింది. పిల్లిమీసం ఎవడో కూడా అప్పుడే తెలిసినట్టుంది. గొంతు తగ్గించాడు. చెడ్డవాడేం కాదు, పైవాళ్ళంటే భయం, అంతే. "ఇది ఇక్కడితో వదిలెయ్. వాడు ఇంకో పేరుతో చేరతాడు. మోసగాడన్న గుర్తు తీయించాలంటే, ఎవరి అనుమానమో వాళ్ళే సమావేశంలో అందరి ముందూ అబద్ధమని చెప్పాలి. చెప్పినవాళ్ళు మళ్ళీ ఆరా ముట్టుకోకూడదు. అది నియమం. ఈ వయసులో నీకెందుకమ్మా?"

ఇంకో పేరుతో చేరితే ఆమెకి వాడిక దొరకడు. కానీ మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆమెని పీకింది అది కాదు. వాడి జట్టు స్నేహితులు పొద్దున్నే ఆట తెరిచి 'మోసగాడు' అన్న మాట చూసి ఉంటారు. అందరి దెబ్బలూ కాసేవాణ్ణి దొంగ అన్నారు. అనిపించింది తను. రోజూ వాడి క్షేమం అడుగుతున్నాననుకుంటూ రోజూ వాడి మీద చాడీ చెప్పింది.

"కందకి లేని దురద కత్తికెందుకే?" రేడియో పక్కన కూలబడింది. "ఖాతా పోతే మనిషి పోతాడా?"

"మనిషి లేకే కదే, ఆ పేరు పట్టుకుని వేలాడింది."

"అందుకే చెబుతున్నా. వాడు మళ్ళీ ఆడినా, ఆరా నీ చెయ్యి దాటిపోతే ఆ నాలుగు ముక్కలు కూడా దక్కవు నీకు."

"దక్కకపోనీ. నా చేతికి ఆరా మిగలాలని వాడు దొంగగా ఉండాలా?"

రేడియో తన బిస్కెట్టు విరిచి సగం ఆమె చేతిలో పెట్టింది.

సమావేశం రోజున అదే ఫ్యాను, అదే గోడ. సూపర్‌వైజరు చెప్పాల్సినవన్నీ చెప్పి, "ఇంకేమైనా ఉందా?" అన్నాడు, ఏమీ ఉండదన్న ధీమాతో. పెద్దక్క చెయ్యెత్తింది.

"పిల్లిమీసం మీద పడ్డ సున్నాలన్నీ నావి," అంది. "వాడి మీద నాకు ఏ అనుమానమూ లేదు. వాడు నా తమ్ముడు. ఆడుతున్నాడో లేదో చూద్దామని కొట్టాను. అది చుక్కచుక్కగా వాడి నెత్తిన పడుతుందని నాకు తెలియదు. ఇక్కడ ఎవరికీ తెలియదు. మనం నంబరు దొరక్క కొట్టిన సున్నాలు ఎంతమంది ఆట ఆపాయో కూడా తెలియదు. వాడు ఆ రోజు ఇక్కడ అడిగింది ఇదే. అప్పుడు నేను చెయ్యెత్తలేదు. ఇప్పుడు అదే మాట నేనడుగుతున్నా. మన చేత ఏం చేయిస్తున్నారో మనకి చెప్పాలి."

ఎవరో దగ్గారు. తర్వాత పక్క నుంచి గాజుల చప్పుడు. రేడియో చెయ్యి లేచింది. నోరు మాత్రం తెరవలేదు. చివరి వరస నుంచి ఇంకో రెండు చేతులు లేచాయి. మిగతావాళ్ళు తమ తమ వేళ్ళు చూసుకున్నారు. ఆ చూపేమిటో పెద్దక్కకి బాగా తెలుసు కాబట్టి ఎవరి మీదా కోపం రాలేదు.

సూపర్‌వైజరు నుదురు తుడుచుకుని, "పైవాళ్ళకి రాస్తాను," అన్నాడు. "గుర్తు తీసేయిస్తాను. ఆటగాడికి ఏమని పంపించమంటావు?"

"తప్పు నీది కాదు, చూసినవాళ్ళది అని పంపండి."

అట్లాగే పంపారట. ఎవరు చూశారో మాత్రం రాయలేదట. పేర్లు రాయకూడదన్నది ఇంకో నియమం. పైవాళ్ళు జవాబిచ్చారా అంటే ఇవ్వలేదు. హాల్లో మాత్రం ఎవరూ పిలుపివ్వకుండానే సున్నా కొట్టడం ఆగిపోయింది. నంబరు లేకపోతే చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. ఎర్రచుక్కలు వెలుగుతున్నాయి. వెలగనీ అంటున్నారు.

పెద్దక్కని మెట్ల పక్క చిన్న గదిలోకి మార్చారు. పాడైన హెడ్‌ఫోన్లు తుడిచి, చిరిగిన చెవిమెత్తలు ఊడదీసి కొత్తవి తొడగడం పని. ఆ గది కిటికీకి రంగు పూయలేదు. వాన పడితే కనిపిస్తుంది.

ఒకనాడు రేడియో తలుపులోంచి తల పెట్టింది. "ఖాతా తెరుచుకుంది. ఆడుతున్నాడో లేదో ఒక్కసారి చూసి చెప్పనా? ఒక్క చుక్కకి కుండేం నిండదులే."

పెద్దక్క చేతిలో చెవిమెత్త అట్లాగే ఉండిపోయింది. ఊ అనడానికి నోరు తెరుచుకుంది కూడా. ఆడుతున్నాడా? డాలే పడుతున్నాడా? ఆ జట్టు వాళ్ళు మళ్ళీ కలుపుకున్నారా? ఒక్క మాట చాలు.

"వద్దే," అంది. "వాడి జోలికి పోకు." రేడియో వెళ్ళాక మెత్త తొడగబోతే మూడుసార్లు జారిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కిటికీ గట్టు మీద కూర్చుని, ఎన్నో ఏళ్ళుగా కాపలా కాసిన ఆటని మొదటిసారి తన ఫోన్లోకి ఎక్కించుకుంది. పేరు అడిగితే పెద్దపులి అని రాసింది. అక్కడ ఆరాలోలాగా ఎవరి వివరాలూ కనిపించవు. ఏ అయిదుగురు కలిస్తే ఆ అయిదుగురు. డాలు పట్టినవాడికి వెలుతురు చూపిస్తూ, దీపం పట్టి వెనకాల నడిచే పని తీసుకుంది. తేలికనుకుంది గానీ తేలిక కాదు.

"ఎవరండీ ఈ పెద్దపులి, పిల్లిలా గోడెక్కి కూర్చుంది? దిగండి!" అని ఫోన్లోంచి ఎవడో కుర్రగొంతు అరిచింది.

"దిగడం రావట్లేదు బాబూ," అంది. అవతల నలుగురూ పగలబడి నవ్వారు.

ఇక రోజూ అంతే. ఆట మొదలవడానికి ముందు నలుగురి పేర్లు తెర మీద వరసగా వస్తాయి. డాలు బొమ్మ పక్కనున్న పేరే ఆమె ముందు చదువుతుంది. తమ్ముడి పేరు ఉండదు. అయినా ఆ పేరున్నవాడి వెనకాలే దీపం పట్టుకుని నడుస్తుంది. వాడు పడిపోతే తమ్ముడే పడ్డట్టు అయ్యో అంటుంది.

నిన్న పేర్లు వచ్చేసరికి డాలు పక్క ఖాళీగా ఉంది. దాన్ని తీసుకోవడానికి ఎవరూ ముందుకు రావట్లేదు. మిగిలిన పేర్లు నాలుగూ ఒకటికి రెండుసార్లు చదివింది. లేడు. పెద్దక్క దీపం కింద పెట్టి డాలు అందుకుంది.