పన్ను తగ్గే దాకా పన్నెండు రోజులు

బావగారి ఆరోగ్య బీమా గడువు 2025 సెప్టెంబరు 9 అర్ధరాత్రితో ముగుస్తుంది. ప్రీమియం మీద పద్దెనిమిది శాతం పన్నును పూర్తిగా ఎత్తివేస్తూ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం అదే నెల 22 నుంచి అమలులోకి వస్తుంది. మధ్యలో పన్నెండు రోజులు. అంబాజీపేట పక్కనున్న ఆయన ఇంటి నుంచి రాజమండ్రి గుండె ఆసుపత్రికి అరవై మూడు కిలోమీటర్లు.

నీటిపారుదల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు కాలువల ప్రవాహం కొలిచినవాణ్ణి. ఏ లెక్కనైనా రెండుసార్లు చూస్తాను. ప్రీమియం నలభై ఎనిమిది వేలు, పన్ను ఎనిమిది వేల ఆరువందల నలభై. ఆగితే మిగిలేది అంతే.

నిర్ణయం వెలువడిన మర్నాడు అక్క పిలిస్తే వెళ్ళాను. బావగారు కురిడీ కొబ్బరి వర్తకులు. ముదురు కాయలను అటక మీద ఏడాదిపాటు ఉంచి, లోపలి నీరంతా ఇంకి, కొబ్బరి చిప్పను విడిచి గుండ్రంగా ఎండిన తర్వాతే దింపే వ్యాపారం అది. ముందు దింపినవాడు నష్టపోతాడు. ఆగడం తెలిసినవారు గనుకనే ఆయన ఇల్లు కట్టగలిగారు.

"కట్టేయమని చెప్పరా తమ్ముడూ. నా మాట వినటం లేదు," అంది అక్క.

"ఆర్నెల్లకే కాయ దింపేసేవోణ్ణి మా ఊళ్ళో ఏవంటారో తెల్సా బామ్మర్దీ? తొందరబాబంటారు," అన్నారు బావగారు నవ్వుతూ. "గవర్నమెంటోళ్ళే పన్ను వదిలేస్తామంటే, నేనెళ్ళి కట్టేసొచ్చానంటే నవ్వరేటి?"

"గడువు దాటాక ఇచ్చే ముప్పై రోజుల వెసులుబాటు పాలసీ రద్దు కాకుండా ఉండటానికేనండీ. కట్టకుండా ఆసుపత్రిలో చేరితే పైసా ఇవ్వరు," అన్నాను.

"ఆయ్, చదివేన్లే. మూడేళ్ళ బట్టీ కడతన్నాను, ఒక్క రూపాయి వాడుకున్నానా? జనం చేతిలో డబ్బు మిగిల్తే దేశం ఎదుగుద్దని టీవీలో చెప్తన్నారు. నా చేతిలో మిగిల్తే ఎదగదా?"

ఆ పన్ను నేను కడతానన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "బావమరిది డబ్బుతో బీమా కట్టుకునే రోజు ఇంకా రాలేదయ్యా."

9వ తేదీ కట్టకుండానే దాటిపోయింది.

18వ తేదీ ఉదయం ఐదూ యాభైకి ఆయనకు గుండెలో నొప్పి మొదలైంది. అంబులెన్సు కొత్తపేట, రావులపాలెం దాటి జొన్నాడ వంతెన ఎక్కేసరికి ఏడు కావచ్చింది. ఆసుపత్రి కౌంటరులోని అమ్మాయి కార్డు చూసి, గొంతు తగ్గించి చెప్పింది: "గడువు దాటిపోయిందండీ. ఇప్పుడు కట్టేరనుకోండి, ఈ అడ్మిషన్‌కి వర్తించదండీ." ఆమె మర్యాదలో లోపం లేదు. నిబంధనలోనూ లేదు. కోపగించుకోవడానికి అక్కకు ఎదురుగా ఎవరూ లేరు.

మూడో రోజుకు చేతిలోని డబ్బు అయిపోయింది. అటక మీద కాయలు ఎక్కించి ఏడు నెలలే అయింది. అక్క ఫోను చేస్తే వచ్చిన వ్యాపారి ఒక కాయను చెవి దగ్గర ఆడించి చూసి, "నీళ్ళు ఇంకా సగం ఉన్నాయండీ. అటు నీళ్ళకాయా కాదు, ఇటు కురిడీ కాదు. నన్నేం చేయమంటారు చెప్పండి," అన్నాడు. అతను చెప్పిన ధరకే ఇచ్చేశాము. బావగారికి చెప్పలేదు, వెంటిలేటరు మీద ఉన్నారు.

24న మధ్యాహ్నం ఆయన పోయారు. సరుకుల మీదా బళ్ళ మీదా కూడా 22నే పన్ను తగ్గింది; ఇంటికి తీసుకువస్తుంటే రావులపాలెంలో దుకాణాల ముందు తగ్గిన ధరల బోర్డులు, కొత్త బళ్ళకు దండలు, జనం. వృద్ధి అనే మాటను నేను ఎప్పుడూ శాతాల్లోనే చదివాను. ఆ రోజు అది దారికి అడ్డంగా నిలబడింది; సైరను మోగించినా తొలగడానికి చాలాసేపు పట్టింది. అక్క తల ఎత్తి చూడలేదు.

ఆగితే మిగలవలసిన పన్ను: 8,640 రూపాయలు. ఆసుపత్రికి కట్టినది: 7,86,300. అంబులెన్సులకు, రానూ పోనూ: 17,000. కాయలను ముందే దింపినందుకు నష్టం: సుమారు 1,90,000. అక్క అమ్మిన గాజులు: నాలుగు. బావగారి వయసు: అరవై ఒకటి.