గింజ పలకాలి

మా మేనత్త కల్లంలోకి వస్తూనే ఎండుతున్న మిరపకాయ ఒకటి తీసి చెవి దగ్గర ఆడించేది. తడి ఉంటే బస్తాలో బూజు పడుతుందని, లోపల గింజలు గలగలలాడితేనే ఎత్తనిచ్చేది. "పలికిందిరా, ఎత్తండి" అంటే ఇక తిరుగులేదు.

రానురాను మాఘంలోనూ వానలు మొదలయ్యాయి. ఓ ఏడు తడిసిన కాయని మళ్లీ ఆరబోశాం. వారమైనా అత్త "ఇంకా పలకలేదురా" అనే అంటోంది. పడమట మబ్బు లేచింది.

"నీకు చెవుడొచ్చిందత్తా! ఆ మబ్బు చూడు, ఎత్తేద్దాం" అని అరిచాను.

అత్త కోప్పడలేదు. తన చేతిలో కాయ నాకిచ్చింది. ఆడించాను. చప్పుడు లేదు. ఇంకోటి తీశాను. మరోటి తీశాను. తలెత్తేసరికి అత్త టార్పాలిన్ పట్టా ఒక కొస పట్టుకుని, రెండో కొస నేను అందుకుంటానని చూస్తోంది.