డంపర్ దిగి లారీ ఎక్కేవాడి గ్రాఫిక్స్ కార్డు

నేను ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాను. పొద్దుటి షిఫ్టంతా తవ్వి పోసే షావెల్ యంత్రం దగ్గర మట్టి నింపించుకోవడం, పైకి తీసుకెళ్లి పోయడం, మళ్లీ కిందికి దిగడం. అదే పని. డ్యూటీ దిగి గోదావరిఖనిలోని మా క్వార్టరుకు వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, హాల్లో మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుని ఏం చేస్తానంటే, లారీ నడుపుతాను. అది లారీలు నడిపే ఆట. ఏవో విదేశాల రోడ్లు, మంచు కొండలు, సముద్రం ఒడ్డున మలుపులు. సరుకు ఎక్కించుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చాలి.

"ఆడ దిగి ఈడ ఎక్కుడేంది? నడుం నొస్తలేదా?" అని నా భార్య మొదట్లో అడిగేది. నేను నవ్వేవాడిని. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది, నేను నవ్వడం మానేశాను, లారీ మాత్రం ఆగలేదు.

ఆ కంప్యూటర్ మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉన్నప్పుడు కొన్నది. చదువుకోసమని చెప్పి కొన్నాను. అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతూ కరీంనగర్ హాస్టల్లో ఉంది, ఆ కంప్యూటర్ మీద ఆమె చదివిందేమీ లేదు. మా దగ్గర గచ్చు తుడిచి వెనక్కి తిరిగేలోపు మళ్లీ నల్లటి పొర కనబడుతుంది. ఆ పొరే కంప్యూటర్ లోపలికీ చేరి, ఫ్యాన్లు రాళ్లు నమిలినట్టు మోగేవి. ఆటలో వాన పడితే ఇక బొమ్మ కదలదు. మలుపు దగ్గర లారీ రోడ్డు మీద ఉండేది, మరుక్షణం చూస్తే లోయలో ఉండేది. మధ్యలో ఏం జరిగిందో నాకూ తెలియదు, లారీకీ తెలియదు.

అందుకే గ్రాఫిక్స్ కార్డు మార్చాలనుకున్నాను.

అనుకోవడం ఒక పూట పని. ఎంచుకోవడానికి ఎండాకాలం మొత్తం పట్టింది. ఫోన్లో వీడియోలు చూశాను. ఇంగ్లీషువి, హిందీవి, చివరికి ఒక్క ముక్క అర్థం కాని భాషలవి కూడా. ఎర్ర డబ్బా కార్డు మంచిదా, పచ్చ డబ్బా కార్డు మంచిదా అని మనుషులు ఎన్నికలప్పుడు కొట్లాడుకున్నట్టు కొట్లాడుకుంటారని అప్పుడే తెలిసింది. ఒక వారం ఎర్ర పార్టీ, ఇంకో వారం పచ్చ పార్టీ. చివరికి పచ్చ పార్టీలో స్థిరపడ్డాను. కారణం ఒకటే. ఆ కార్డుతో వెలుతురు నిజంగా ఉన్నట్టు కనబడుతుందట. తడి రోడ్డు మీద దీపం మెరుపు, సొరంగంలో చీకటి, అన్నీ అచ్చం ఉన్నవి ఉన్నట్టే.

షిఫ్టు బస్సులో పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లకు ఈ సంగతులన్నీ చెప్పేవాడిని. మా షావెల్ ఆపరేటర్ బసంత్‌నగర్ నుంచి వస్తాడు, నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. ఆయన ఓపికగా అంతా విని, ఒకరోజు అడిగాడు.

"తమ్మీ, గా కార్డు పెడితే లారీ జల్ది పోతదా?"

"లారీ గంతే పోతదన్నా. బొమ్మ మంచిగ కనబడ్తది."

"మనం నడిపే బండ్లల్లనుంచి అసలు బొమ్మే కనబడ్తది గదా. గది సాలదా?"

ఇలాంటి వాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదనుకున్నాను.

చౌరస్తా దగ్గర కంప్యూటర్ దుకాణం నడిపే భాయ్ అయితే ఇంకా సులువుగా తేల్చేశాడు. నేను ఎర్రదానికీ పచ్చదానికీ తేడా చెబుతుంటే ఆయన ఎవరిదో ప్రింటర్ విప్పుతూ తలాడించాడు.

"ఏది తీస్కున్నా మంచిదే అన్న. ఏది గావాల్నో చెప్పు, హైద్రాబాద్ నుంచి తెప్పిస్త."

"నా కంప్యూటర్‌కు సరిపోతదా అని అడగవేంది భాయ్?"

"ఇంత చదివినవు గదన్న. నువ్వు జూస్కోలేదా?"

"చూసుకోకుండా వస్తనా" అన్నాను. నేను చూసుకోలేదు. కార్డుల గురించి ఒక పరీక్ష పెడితే ర్యాంకు కొట్టేవాడినే గానీ, నా ఇంట్లో ఉన్న డబ్బా మూత తీసి ఒకసారి లోపలికి తొంగి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

కార్డు వచ్చింది. అట్టపెట్టె విప్పగానే మా బాపు టీవీ గొంతు తగ్గించి మరీ చూశాడు. బాపు మాతోనే ఉంటాడు. రామకృష్ణాపూర్‌లో బాయి దిగి బొగ్గు నింపి రిటైరైన మనిషి. గనిని ఆయన ఎప్పుడూ బాయి అనే అంటాడు.

"గదేంది రా, ఇటుకంత ఉన్నది?"

ఇటుక కంటే పొడుగ్గానే ఉంది. ఎంత పొడుగంటే కంప్యూటర్ డబ్బాలో పట్టలేదు. ముందు వైపు హార్డ్ డిస్కు బిగించే ఇనప చట్రం అడ్డం వచ్చింది. చట్రం ఊడదీశాను. హార్డ్ డిస్కును ఎక్కడ పెట్టాలో తెలియక గాజుల డబ్బా కోసం నా భార్యను అడిగాను. ఆమె ఇచ్చింది, ఎందుకని అడగలేదు. ఇక కంప్యూటర్ డబ్బా పక్క మూత మూసుకోలేదు, కార్డు మోచేయి బయటికి పెట్టి కూర్చున్నట్టు ఉంది. పోనీ అని ఆన్ చేసి ఆట మొదలుపెట్టాను. లారీ గేటు దాటగానే కంప్యూటర్ మొత్తం ఆరిపోయింది. పాత పవర్ సప్లై ఆ కార్డుకు కరెంటు ఇవ్వలేకపోతోందట. మళ్లీ చౌరస్తాకు వెళ్లి భాయ్ ముందు నిలబడి, "పవర్ సప్లై కూడ మారుద్దామనుకున్న, అప్పుడే చెప్పుడు మర్చిపోయిన" అన్నాను. ఆయన మంచివాడు. నమ్మినట్టే తలాడించాడు.

కొత్త పవర్ సప్లై బిగించాక ఆట నడిచింది. తెర మీద ఓ మూల బొమ్మ వేగం చూపించే అంకె పెట్టుకున్నాను. పాత కార్డుతో ఎంత ఉండేదో, కొత్త కార్డుతోనూ దాదాపు అంతే ఉంది. కళ్లు తుడుచుకుని చూశాను, అంతే ఉంది. మళ్లీ వీడియోలు చూస్తే అసలు సంగతి తేలింది. నా ప్రాసెసర్ పాతది. అది పని అందిస్తేనే కదా కార్డు చేసేది. ఎంత పెద్ద షావెల్ తెచ్చి పెట్టినా డంపర్లు రెండే ఉంటే షావెల్ ఖాళీగా నిలబడుతుంది. రోజూ ఆ షావెల్ ముందు వరుసలో నిలబడే నాకు ఇది ఎవరో చెప్పాల్సి వచ్చింది.

ఆదివారం షావెల్ అన్న చూడ్డానికి వచ్చాడు. నేనే పిలిచాను, కార్డు రాకముందే. ఇప్పుడు వద్దనలేను. కుర్చీ వేసి, లారీ ఎక్కించి, సముద్రం ఒడ్డు దాకా తిప్పాను. ఆయన చాయ్ తాగుతూ చూశాడు.

"గిది కొత్త కార్డుదా, పాతదా?"

"కొత్తదే అన్నా. నీళ్లు చూడు, ఎట్ల మెరుస్తున్నయో."

"ఔ, మెరుస్తున్నయి" అని, నా ముఖం చూసి, "మస్తు మెరుస్తున్నయి" అని సవరించాడు.

వంటింట్లోంచి నా భార్య నవ్వు వినబడింది.

ఆయన వెళ్లాక నాకు పట్టుదల వచ్చింది. కార్డు దేనికోసం కొన్నానో అదైనా చూద్దామని వెలుతురుకు సంబంధించిన మీటలన్నీ పైదాకా పెట్టి, కొండల మధ్య పెద్ద సొరంగం ఉన్న దారి పట్టాను. బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. "బాపూ, గిటు చూడు" అన్నాను.

లారీ సొరంగంలోకి వెళ్లింది. వీడియోల్లో చెప్పింది అబద్ధం కాదు. చీకటి చిక్కగా ఉంది, దూరదూరంగా పసుప్పచ్చ దీపాలు, గోడల మీద తడి, ఆ తడి మీద దీపాల నీడ. ఇంకా బాగా చూపిద్దామని లారీని మధ్యలో ఆపాను.

బాపు మంచం మీంచి లేచాడు. తల కొద్దిగా వంచి, ఒక చెయ్యి నెత్తి మీదికి పోనిచ్చి తెర దగ్గరికి వచ్చాడు.

"ఈడెందుకు ఆపినవు రా?"

"చూస్తవని."

"కప్పు మీంచి నీళ్లు కారుతున్నయి, కనబడ్తలేదా? కప్పు కింద నిలబడద్దు. పోనియ్యి. బయటికి పోనియ్యి."

గొంతు పెంచలేదు. కానీ ఆ మాట విన్నాక నేను నిజంగానే గేరు వేసి లారీని ముందుకు దూకించాను. వెలుతురులోకి వచ్చేదాకా బాపు కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడే ఉన్నాడు. బయటపడ్డాక మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

కాసేపటికి ఆయనే చెప్పాడు. బాయి పని గురించి అంతకుముందు ఇంట్లో ఎప్పుడూ మాట్లాడని మనిషి.

"ఒకపారి గిట్లనే కప్పు కారుడు ఎక్కువైంది. మేం ముగ్గురం ఉరికి అవతల పడ్డం. నాలుగోడు తట్ట తెచ్చుకుంటనని మళ్లిండు. కప్పు కూలి కాలు మీద పడ్డది."

"ఎవరు బాపు?"

"మనింటికి కర్ర పట్టుకొని వస్తుండె గద. నీకు పల్లీలు తెచ్చేటోడు. గాయినే."

ఆయన నాకు బాగా గుర్తు. నేను చిన్నప్పుడు ఆ కర్ర లాక్కుని వాకిట్లో పాతి, దాన్నే గేరు రాడ్డు చేసుకుని బస్సు నడిపేవాడిని. ఆయన గడప మీద కూర్చుని, దిగాల్సిన ఊరు వచ్చిందని కేకేసేవాడు. కర్ర ఎందుకు వచ్చిందో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

అప్పటినుంచి సొరంగాలున్న దారులు పట్టడం లేదు. బాపుకు మాత్రం ఆట మీద మనసు పడింది. నేను డ్యూటీ నుంచి వచ్చి అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపు కుర్చీ లాగి కంప్యూటర్ పక్కన వేసుకుంటాడు. ఇంట్లో కూడా నా మీద, గనిలో పని అజమాయిషీ చేసేవాడిలా, ఒక ఓవర్‌మన్ ఉన్నాడిప్పుడు. ముందున్న బండిని దాటనివ్వడు. లైటు ఎర్రగా ఉంటే చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా ఆగాల్సిందే. చెట్లున్న వైపు పొమ్మంటాడు, గొర్లు కనబడితే మెల్లగా పొమ్మంటాడు. పట్టపగలు, ఎండలో, పచ్చిక బయళ్ల మధ్య నడిపే ఈ ప్రయాణాలకు నా పాత కార్డే సరిపోయేది. ఈ మాట నా భార్య దగ్గర ఒప్పుకోలేదు. ఆమెకు తెలుసని నాకు తెలుసు.

మొన్న కొత్త ట్రిప్పు మొదలుపెట్టబోతుంటే బాపు అడిగాడు.

"ఇయ్యాల ఏం లోడు?"

"ఆపిల్ పండ్లు బాపు."

"బొగ్గు లోడు ఉండదా దీంట్ల?"

"ఉంటది. గావాల్నా?"

బాపు కుర్చీని తెర దగ్గరికి జరుపుకున్నాడు.

"వద్దు తియ్యి. పండ్లే ఏస్కపోదాం."