అల్వాల్ ఇంటి పెరటి తలుపు

మొన్న యాప్రాల్‌లోని మా ఫ్లాట్‌కి మా అక్క కూతురి కూతురు వచ్చింది. ఎమ్మే చదువుతోంది. యుద్ధాల్లో ఊరూ ఇల్లూ పోగొట్టుకున్నవాళ్ల సాహిత్యంలో ఇల్లు దేనికి ప్రతీకో వ్యాసం రాస్తోందట. గడప అంటే సరిహద్దు, వంటిల్లు అంటే పోయిన దేశం, తాళంచెవి అంటే ఆశ అని వరసగా చదివి వినిపించి, "మరి తలుపంటే ఏంటి అమ్మమ్మా?" అంది. ముప్ఫై ఏళ్లు స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, ప్రతీకల సంగతి నాకేం తెలుసు? నాకు గుర్తొచ్చిందల్లా మా అత్తగారు.

ఆవిడ పుట్టింది రంగూన్‌లో. తొమ్మిదో ఏట యుద్ధం వచ్చి అక్కడి ఇల్లు పోతే, తండ్రి చెయ్యి పట్టుకుని కొండలూ అడవులూ నడిచి, ఎలాగో కాకినాడ చేరారు. పెళ్లయ్యాక సికింద్రాబాద్ వచ్చి అల్వాల్‌లో ఇల్లు కట్టుకున్నారు. అంతకు మించి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రోజూ సాయంత్రం టీ తాగాక, మర్నాటికి కావలసిన బియ్యం, కాస్త ఉప్పు, ఒక అగ్గిపెట్టె పాత తువ్వాల్లో మూటకట్టి వంటింటి పెరటి తలుపు పక్కన మేకుకి తగిలించేవారు. పొద్దున్నే ఆ బియ్యమే ఎసట్లో పడేవి. కాపురానికి వచ్చిన కొత్తలో నాకదంతా ఒట్టి చాదస్తంగా కనిపించేది.

రెండో ఏడు ఫ్రిజ్ కొన్నాం. ఆవిడ ఎవరిదో పెళ్లికని బొల్లారం వెళ్లిన మధ్యాహ్నం నేను దాన్ని పెరటి తలుపుకి అడ్డంగా పెట్టించి, మూట విప్పి బియ్యం డబ్బాలో పోసేశాను. తిరిగొచ్చి చూసి, "బావుందమ్మాయ్" అన్నారంతే. ఆ తర్వాత వంటింట్లో అడుగు పెట్టలేదు. వరండాలోనే కూర్చుని, పెట్టింది తినేవారు. పెత్తనం నా చేతికొచ్చిందని లోలోపల తెగ మురిసిపోయాను. ఎనిమిది రోజులు నా ఇష్టమొచ్చినట్టు పోపులు పెట్టాను. ఆవిడ సగం అన్నం వదిలేసి చిక్కిపోతున్నారని కనిపిస్తూనే ఉంది, అలక అనుకున్నాను. తొమ్మిదో రోజు పొద్దున బట్టలు సర్దుకున్నారు, ఇక కాకినాడలో చెల్లెలి దగ్గరే ఉంటానని. మావారు నావైపు ఒక చూపు చూశారు. నాకు ఒళ్లు మండింది.

"నా వంట అంత చేదయిందా అత్తయ్యా?"

"నీ వంటకేమే, బంగారంలా ఉంది. ఒక్క తలుపున్న వంటింట్లోకి నా కాళ్లే రావు." చీర మడత పెడుతూనే చెప్పారు. "రంగూన్‌లో బాంబు పడ్డప్పుడు అమ్మ అన్నం వారుస్తోంది. మా వంటింటికి ఒకటే తలుపు. గోడ విరిగి దానికడ్డంగా పడింది. నేను బయట నిలబడి పిలిచాను. కాసేపు పలికింది."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వూ భయపడుతూ వండుకుంటావు కదే."

ఏడుపాగలేదు నాకు. ఆ పూటే ఫ్రిజ్ మోసిన హమాలీలనే పిలిపించాను. "ఏందమ్మా, మొన్ననే గదా పెట్టినం? మళ్ల జరుపుడేంది? జెర ముందే సోంచాయించుకోవద్దా?" అని వాళ్లలో పెద్దాయన విసుక్కున్నాడు. ఫ్రిజ్ హాల్లోకి వచ్చింది. ఇంటికొచ్చినవాళ్లు మేం దర్జా చూపిస్తున్నామనుకున్నారు. అత్తగారు వంటింట్లోకి వెళ్లి, పెరటి తలుపు బార్లా తీసి, స్టవ్ వెలిగించారు. అప్పటికి ఆవిడకి యాభై ఏళ్లు. ఆ వయసు నేను దాటి చాలా కాలమైంది, మురిసిపోయిన ఆ ఎనిమిది రోజుల సిగ్గు మాత్రం ఇంకా పాతబడలేదు.