బాపు వేసిన ముడి

మగ్గం గదిలో గంజి వాసన ఇంకా పోలేదు. అది ముక్కుకు తగిలితే హైదరాబాదులో చూసిన ఆ తెల్లని గది గుర్తొస్తుంది.

అప్పుడు నేను ఐదో తరగతి. మోత్కూరు నుంచి మా బడి పిల్లల్ని ఆధునిక కళల మ్యూజియానికి తీసుకెళ్లారు. తోడుగా మా నాయిన, బాపు వచ్చాడు. ఒక తెల్లని గదిలో కప్పు నుంచి నేల దాకా గంజి పెట్టిన నూలు పోగులు బిగించి, కొన్నిటిని నడుమ తెంపి వదిలారు. అదే కళ అని సారు చెప్తుండగానే బాపు ముందుకెళ్లి, ఒక పోగు తెగిన కొసలు రెండూ వేళ్ల మధ్య నలిపి ముడి వేసేశాడు.

కాపలా మనిషి ఉరికొచ్చాడు. "గీయన ఎవలి నాయిన?"

పిల్లలంతా నా వైపు తిరిగారు. అంత పెద్ద కళను బాపు పాడుచేశాడనుకున్నాను. సారు వెనక నక్కాను.

తిరుగు బస్సులో బాపు మెల్లగా అన్నాడు. "తెగిన పోగు కండ్లబడితే చేతులు ఆగయి బిడ్డా. నీకు నామోషి అయిందా?"

నిద్రపోయినట్టు కళ్లు మూసుకున్నాను.

బాపు పోయి నెలయింది. మగ్గం మీద చీర సగంలో ఆగింది, ఒక పోగు తెగి ఉంది. రెండు కొసలూ పట్టుకుని పొద్దుటి నుంచి కూర్చున్నాను. నాకు ఆ ముడి వేయడం రాదు.