వల్ద్ తర్వాతి పేరు

మా ముత్తాత తండ్రి ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండేళ్లు జహీరాబాద్ ఆఫీసుల చుట్టూ తిరిగితే, చివరికి మా భూమి రికార్డు, నిజాం కాలం నాటి పహాణీ నకలు దొరికింది. అదంతా ఉర్దూలో ఉంది. నాకు ఒక్క ముక్క రాదు. కోహీర్‌లో ఉండే రిటైర్డ్ ఉర్దూ సారు దగ్గరికి పట్టుకుపోయాను.

ఆయన వరుస కింద వేలు పెట్టి చదివారు. ప్రతి రైతు పేరు తర్వాత 'వల్ద్', అంటే కొడుకు అని, ఆపైన తండ్రి పేరు. మా ముత్తాత దగ్గర వేలు ఆగింది.

"ఈడ తండ్రి పేరు లేదు బిడ్డా. ఆడమనిషి పేరున్నది."

"రాసినాయన తప్పు రాసిండేమో," అన్నాను విసుగ్గా.

"పట్వారీ ఊకెనే గిట్ల రాయడు. భూమి ఆమెదై ఉంటది. ఊరంత ఆమె కొడుకనే పిలిచి ఉంటరు," అంటూ ఆ పేరు చదివారు.

బడిలో అందరూ నవ్వుతున్నారని పదో తరగతి ఫారంలో నేను పట్టుబట్టి మార్పించుకున్న నా చిన్నప్పటి పేరది. ఇంత పాత పేరు నాకెందుకు పెట్టారని అప్పట్లో నాయనమ్మతో కొట్లాడాను.

"నాకేం తెలుసు," అన్నది ఆమె. "ఇంట్ల ఒక్కరికన్న ఆ పేరు ఉండాల్నంట."